దగ్గులేని మిల్లు

మందుల గదికి తాళం పడిన రోజున నర్సమ్మ సంచి చంకన పెట్టుకుని గేటు దాటిపోతుంటే రాతిపొడి మిల్లు జనమంతా చూశారు. చూసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిలోకి పోయారు. పొడి జల్లించే జల్లెడక్కా పోయింది. కానీ ఆమె కళ్ళు తాళం మీదే ఉన్నాయి. ఆ గదిలో ఆక్సిజన్ సిలిండర్ ఉంది. ఊపిరాడనప్పుడల్లా ఆమె మొగుడు దాని పక్కన కాసేపు కూర్చుని మళ్ళీ మనిషయ్యేవాడు.

ఆ మిల్లు దుమ్ము సంగతి చెబితే మీరు నమ్మరు. నమ్మకపోతే మానండి. అన్నం గిన్నె మూత తీసేలోపు అన్నం మీద తెల్లగా ఇంకో మూత తయారయ్యేది. ఒకసారి ఒక పిచ్చుక ఈ తలుపులోంచి దూరి ఆ తలుపులోంచి బయటపడితే, కొంగలు తమ పిల్లే అనుకుని వెంటబెట్టుకుపోయాయి.

దుమ్ము లాగే యంత్రం పెట్టించమని అడిగినందుకే నర్సమ్మ పని ఊడింది. కూలివాళ్ళ వైద్యానికి ఖర్చు పెరిగిపోతోందని యజమాని అప్పటికే బెంగ పెట్టుకుని ఉన్నాడు. యంత్రం కన్నా చవకగా ఉంటుందని ఒక ఆరోగ్యాధికారిని తెచ్చాడు. మచ్చలేని తెల్ల బూట్లు వేసుకుని వచ్చాడు కాబట్టి జనం అతన్ని తెల్లబూట్లని పిలిచారు.

"జబ్బు ఒంట్లో ఉండదు, బుర్రలో ఉంటుంది," అన్నాడు తెల్లబూట్లు.

పొద్దున్నే అందరూ పెరట్లో వరుసగా నిలబడాలి. గుండెల నిండా గాలి పీల్చాలి. తర్వాత పగలబడి నవ్వాలి. గేటు మీద ఇనప బోర్డు లేచింది: ఇది దగ్గులేని మిల్లు. దగ్గినవాడి వైద్యం కార్డు రద్దు. మళ్ళీ దగ్గితే పనే రద్దు.

"పీల్చమంటున్నావు సరే, ఆ గాలేదో చూపించు బాబూ," అన్నాడు మూటలెత్తే తాత. మధ్యాహ్నానికల్లా తాతని గేటు బయట పెట్టారు.

దాంతో జనం దగ్గు మింగడం నేర్చారు. మిల్లు హోరెత్తినప్పుడు దాని చాటున దగ్గేవాళ్ళు. జల్లెడక్క పమిట నోట్లో కుక్కుకునేది. అందరిలోకీ ఘనుడు ఆమె మొగుడే. దగ్గు గొంతు దాకా రాగానే మెలి తిప్పి నవ్వు చేసి వదిలేవాడు. ఆ నవ్వు పెరడు దాటి రోడ్డు మీద పోయేవాళ్ళని కూడా నవ్వించేది. తెల్లబూట్లు మురిసిపోయి నవ్వులరాజని బిరుదిచ్చాడు. యజమాని అతిథులతో వచ్చే రోజున వేదిక మీద బహుమతన్నాడు.

ముందురోజు సాయంత్రం కుళాయి దగ్గర జనం చేరారు.

"బావా, నీ నవ్వు మా పీకల మీదకొచ్చింది," అన్నాడు మిల్లు మరమ్మతులు చూసే ఫిట్టరు. "నిన్ను చూపించి మాకు ఏ రోగమూ లేదంటున్నారు. రేపు నవ్వకు."

"నవ్వకపోతే దగ్గొస్తుంది తమ్ముడూ," అంది జల్లెడక్క. "దగ్గితే పని పోతుంది. నువ్వు మేపుతావా మమ్మల్ని?"

"మింగుతూ పోతే అందరం పోతాం కదక్కా. అందరం ఒక్కసారే దగ్గితే ఎంతమందిని తీస్తారు?"

"ముందు నువ్వు దగ్గు, చూస్తాం," అని ఎవరో వెనకనుంచి అన్నారు. ఫిట్టరు తల దించుకున్నాడు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఊపిరి కూడదీసుకుంటున్న మొగుడు మెల్లగా అన్నాడు: "గొడవొద్దురా. బహుమతిచ్చేటప్పుడు మందుల గది తెరిపించమని నేనే అడుగుతా. పదిమందిలో కాదంటాడా ఏం?"

ఆ మాట పట్టుకుని అందరూ ఇళ్ళకు పోయారు. చూశారా ఆశ ఎంత పని చేస్తుందో.

మర్నాడు యజమాని బహుమతి పెట్టె తెరిచాడు. అందులో ఉన్నవి పరుగెత్తే బూట్లు. వేదిక మెట్లెక్కడానికే రెండుసార్లు ఆగినవాడి చేతిలో వాటిని పెట్టాడు.

"అయ్యా, ఆ మందుల గది..." అన్నాడు మొగుడు. దగ్గు తన్నుకొచ్చింది. అలవాటుగా మెలి తిప్పాడు. నవ్వు మొదలైంది.

అతిథులు నవ్వారు. యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. తెల్లబూట్లు చేయి ఊపితే జనమూ నవ్వారు. ఆ నవ్వులో నవ్వెంతో దగ్గెంతో జల్లెడక్కకు ఒక్కదానికే తెలుసు. మొగుడి పెదాలు నీలమవుతున్నాయి. ఆమె వరుస తెంచుకుని పరుగెత్తింది.

"తాళం తీయండయ్యా. సిలిండర్ కావాలి."

"బాగానే నవ్వుతున్నాడు కదమ్మా," అన్నాడు తెల్లబూట్లు. తర్వాత గొంతు తగ్గించాడు. "అతిథులు పోనీ. తర్వాత చూద్దాం."

మొగుడు బూట్లు ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. నవ్వు ఆగింది. ఊపిరీ ఆగింది. వెనక వరుసలు మాత్రం తెలియక ఇంకా నవ్వుతూనే ఉన్నాయి.

జల్లెడక్క వాళ్ళ వైపు తిరిగింది. ఏడవలేదు. మింగి మింగి దాచుకున్న దగ్గు వదిలింది. ఫిట్టరు దగ్గాడు. తర్వాత పెరడంతా దగ్గింది. షెడ్డు రేకుల మీది దుమ్ము లేచి, మిట్టమధ్యాహ్నం సాయంకాలమైందని కాకులు గూళ్ళకు పోయాయి.

గేటు బోర్డు ఊడబెరికి దాంతోనే తాళం పగలగొట్టారు. గదిలో సిలిండర్ లేదు. ఎప్పుడో అమ్మేశారు. గోడ పొడవునా బూట్ల పెట్టెలున్నాయి, వచ్చే ఏళ్ళ బహుమతులకు.

అతిథుల్ని పోనిచ్చారు. ఎవరూ ఎవరి మీదా చేయి వేయలేదు. యజమాని చుట్టూ, తెల్లబూట్ల చుట్టూ భుజం భుజం కలిపి నిలబడ్డారు, అంతే. ఒక్క వైపే దారి వదిలారు. అది షెడ్డులోకి. ఇద్దరూ లోపలికి నడిచాక ఫిట్టరు మీట లాగాడు. మిల్లు తిరిగింది.

"గుండెల నిండా పీల్చండి," అన్నాడు ఫిట్టరు.

యజమాని చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అది తెల్లబడింది. వంగిపోయి, కళ్ళ నీళ్ళు కారుతుంటే దగ్గుతున్నాడు.

జల్లెడక్క అతని ముందు నిలబడి అంది: "నవ్వండయ్యా."

పోలీసులు వచ్చి ఆమెనూ ఫిట్టరునూ వ్యానెక్కించారు. మొగుడి శవాన్ని ముట్టుకోనివ్వలేదు. వ్యాను కటకటాల్లోంచి ఆమె ఒక్క మాటే అంది: "మింగకండి."

మర్నాడు పొద్దున కొత్త బోర్డు, కొత్త అధికారి, గేటు నిండా లాఠీలు. వరుసలు కట్టమంటే కట్టారు. అందరికంటే ముందు మూటలెత్తే తాత నిలబడ్డాడు, ఎవరు రానిచ్చారో ఏమో.

"నవ్వండి," అన్నాడు అధికారి.

తాత దగ్గాడు. పెరడంతా దగ్గింది. దగ్గి, కూర్చుంది. మిల్లు కూత వేసింది, మళ్ళీ వేసింది. ఒక్కరూ లేవలేదు.