బటన్ నొక్కని ఆదివారం

గ్రంథాలయం వెనక గదిలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు తమ ఇంటి పాత ముచ్చట చెబుతారు, మిగతావాళ్లు వింటారు. జీతం భత్యం లేని ఆ కొలువులో రికార్డింగు పని టైపిస్టు అత్తయ్యది. ఆరోజు బస్సు డ్రైవరు తాతయ్య గంటసేపు వాళ్లమ్మ గురించి చెబుతుంటే, ఆవిడ నోరు తెరుచుకుని విన్నదే తప్ప బటన్ నొక్కలేదు.

నెల తిరగకుండానే తాతయ్య గొంతుకు ఆపరేషనయింది. మాట పోయింది. ఆయన కూతురు ఆనాటి రికార్డింగు కోసం వచ్చేసరికి అత్తయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"నొక్కడం మర్చిపోయానమ్మా. నన్ను తిట్టు, పడతాను," అంది.

కూతురు తిట్టలేదు, తల దించుకుంది. మంగలి మామయ్యే గయ్యిమని లేచాడు. "మిషను వినకపోతే మనం వినలేదా? నాన్నని తీసుకురా తల్లీ!"

మరుసటి ఆదివారం తాతయ్య పలకా బలపం పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఆయన కథనే తలా ఒక ముక్క అందుకుని చెప్పసాగారు. వాళ్లమ్మ కోళ్లబుట్టతో బస్సెక్కిందట, కండక్టరు దిగిపొమ్మన్నాడట. ఈసారి అత్తయ్య బటన్ని రెండుసార్లు చూసుకుంది.

"బుట్టలో ఏడు కోళ్లు," అన్నాడు మామయ్య.

"పదకొండు! నీ చెవుల్లో కత్తిరించిన జుట్టు గానీ పడిందా?" అంది దర్జీ వదిన.

వాదులాట ముదిరి కథ ఆగిపోయింది. తాతయ్య పలక మీద ఏదో రాసి అత్తయ్యకు చూపించాడు. కోళ్ల లెక్క కాబోలనుకుంది. చదివితే అది కాదు. ముందు ఆ గదిలో అందరికీ చేతులెత్తి దణ్ణం పెట్టి, అప్పుడు పైకి చదివింది.

"తర్వాత ఏమైంది?"