నా చేతి కొలతకు చెక్కిన మెడ

శనివారం సాలింగ్ ఆఖరిసారి పాడుతుందనీ, సోమవారం మనీలా ఆసుపత్రిలో దాని స్వరపేటిక తీసేస్తారనీ చెప్పడానికి విరింగ్ మా ఇంటికి వచ్చినప్పుడు నేను పాన్సిట్ నూడుల్స్‌లోకి కారట్లు తరుగుతున్నాను. కత్తి పట్టడానికి కుడిచెయ్యి చాలు. కారట్ పట్టుకోవాల్సిన ఎడమచేతితోనే నా తంటా అంతా. మూడేళ్ళ నుంచీ బొటనవేలి కీలు వాచి, వేలు మడత పడటం మానేసింది.

విరింగ్ మా బ్యాండులో డ్రమ్ములు వాయించేది. ఆ డ్రమ్ముల పుణ్యాన దానికి చెవులు పోయాయి. గుసగుసలాడినా పక్క వీధికి వినిపిస్తుంది.

"గిటార్ నువ్వే పట్టాలంట," అంది.

"నా వేలు చూశావా?"

"నాకెందుకు చూపిస్తావే, దానికే చూపించుకో. వేరే గిటార్ కుర్రాణ్ణి పిలుద్దామంటే నా మీద పడి కరిచినంత పని చేసింది. ఇప్పటి వాళ్ళు తాళం పట్టుకుని పరిగెడతారు, నాకు ఊపిరి అందదు, లోరింగ్ అయితే నాకోసం ఆగుతుంది, అంది."

కారట్లు పక్కన పెట్టేసి, చాలాసేపు చెయ్యి కడుక్కుంటూ నిలబడ్డాను.

మేం నలుగురం, పాట సాలింగ్‌ది, గిటార్ నాది. మూన్‌షెల్స్ అని పేరు. డెబ్బై రెండు నుంచీ ఒలోంగపోలో అమెరికా నావికుల స్థావరం గేటు బయట ఏ క్లబ్బులో చూసినా మా బొమ్మ ఉండేది: నాలుగు వెండి గౌన్లు, నాలుగు ఎత్తు జుట్లు. గువామ్ వెళ్ళాం, ఓకినావా వెళ్ళాం. బేస్ గిటార్ పట్టే నేనాంగ్ పోయి ఆరేళ్ళయింది. మిగిలింది ముగ్గురం, అందులో ఒకదానికి చెవుల్లేవు, ఒకదానికి చెయ్యి లేదు, సోమవారం నుంచీ ఒకదానికి గొంతు ఉండదు.

ఆ రోజుల్లో నాకున్న పెద్ద కష్టం గిటార్ మెడ. గిటార్లన్నీ నావికులతో పాటు ఓడ దిగేవి, అన్నీ మగవాళ్ళ అరచేతుల కోసం చేసినవే. ఆ మెడ పట్టుకుంటే రోకలి పట్టుకున్నట్టుండేది. నా వేళ్ళు పొట్టివి. మొదటి మెట్టు దగ్గర తీగలన్నీ ఒక్క వేలితో అదిమి పట్టాలంటే పళ్ళు బిగించుకోవాల్సి వచ్చేది, నవ్వుతూ పాడమని మేనేజరు కింద నుంచి సైగలు.

అప్పుడే ఆంబో కనిపించాడు. బేతిస్ ఊరివాడు, చెక్క మీద పునీతుల బొమ్మలు చెక్కేవాడు. మొహాలు వాళ్ళ అన్న చెక్కితే ఇతను చేతులు మాత్రం చెక్కేవాడు: దీవించే చేతులు, జోడించిన చేతులు, మేకు దిగిన చేతులు. ఒక్క బీరు నాలుగు గంటలు తాగుతూ రోజూ నా చేతి వైపే చూస్తూ కూర్చునేవాడు. కాళ్ళ వైపు చూసేవాళ్ళు మాకు కొత్త కాదు. చేతి వైపు చూసేవాణ్ణి చూస్తే భయమేసింది.

"నువ్వు వాయించడం లేదు, దానితో కుస్తీ పడుతున్నావు," అన్నాడు ఒకరోజు. "రేపు దాన్ని పట్టుకుని మా షెడ్డుకి రా."

వెళ్తే, పుతో అనే ఆవిరి రొట్టెలకి రుబ్బిన బియ్యప్పిండి గట్టి ముద్ద చేసి చేతికిచ్చాడు. గిటార్ పట్టినట్టు పట్టుకో, అన్నాడు. పట్టుకున్నాను. ముద్ద ఆరాక దాన్ని అడ్డంగా కోసి, నా గుప్పిట్లో ఎంత ఖాళీ ఉందో కాగితం మీద గీశాడు. ఒక ముద్ద చాలదన్నాడు. మర్నాడు ఇంకోటి, ఆ మర్నాడు ఇంకోటి. అలా పదమూడు సాయంత్రాలు నా చేత పిండి పిసికించాడు. పెళ్ళయ్యాక అడిగాను, నిజంగా అన్ని ముద్దలు కావాలా అని. ఒకటి చాలు, అన్నాడు సిగ్గు లేకుండా.

తర్వాత బీరు సీసా పగలగొట్టి, ఆ గాజు పెంకుతో మెడ వెనక చెక్కను గీకడం మొదలుపెట్టాడు. పునీతుల వేళ్ళు నున్నగా చేసేది కూడా ఆ పెంకుతోనే. పైనుంచి కింద దాకా సన్నబరిచి, బొటనవేలు ఆనేచోట చిన్న పల్లం తీశాడు. అరచేతిలోకి తీసుకున్నాను. చెయ్యి బిగించాల్సిన పనే లేదు, మెడ తనంతట తానే వచ్చి కూర్చుంది. ఆ రాత్రి స్టేజి మీద మొదటిసారి నేను నిజంగా నవ్వానని సాలింగ్ ఇప్పటికీ చెబుతుంది.

ఆ గిటార్‌ని ఆంబోనే అమ్మేశాడు. తొంభై ఒకటిలో అగ్నికొండ పేలి, తడి బూడిద బరువుకి ఊళ్ళో ఇళ్ళ కప్పులు కూలిపోయినప్పుడు నేను జపాన్లో ఒక హోటల్లో కాంట్రాక్టు మీద వాయిస్తున్నాను. హోటల్ వాళ్ళ గిటార్ ఉందని నాది ఇంట్లో వదిలి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇంటి మీద కొత్త రేకులు ఉన్నాయి, గోడకి గిటార్ లేదు. అప్పటి నుంచీ పాతికేళ్ళుగా వాన పడ్డప్పుడల్లా నేను ఒకటే మాట అంటాను: "విను ఆంబో, నా గిటార్ మీద వాన పడుతోంది." మా ఊళ్ళో ఏడాదికి ఆరు నెలలు వాన.

తర్వాత కొన్న గిటార్ వాచిన చేతికి అసలు పనికి రాదు. అందుకని విరింగ్ వచ్చి వెళ్ళిన మర్నాడు, సోమవారం పొద్దున్నే నేనూ ఆంబో బయల్దేరాం. కొత్తవి కొనే స్తోమత లేదు, పైగా కొత్త మెడ నాకు నచ్చదు, చొక్కాకి పెట్టిన గంజిలా పొగరుగా ఉంటుంది. పదిమంది చేతుల్లో అరిగిన మెడ కావాలి. బజారు వెనక దుకాణాలు, జపాన్ సెకండ్ హ్యాండ్ సామాను అమ్మే గోడౌన్లు, ఆంహెలెస్, చివరికి బస్సెక్కి మనీలాలో రావోన్ వీధి కూడా చూశాం. నేను తీగ మీటను, ఆంప్లిఫయర్ పెట్టమనను. కళ్ళు మూసుకుని మెడ పట్టుకుంటాను, పైనుంచి కిందకి ఒకసారి జార్చి, తిరిగి ఇచ్చేస్తాను. రావోన్‌లో ఒకడు, "అమ్మమ్మా, అది మామిడికాయ కాదు, పిసికితే పండదు," అన్నాడు. ఆంబో నా వెనక నీళ్ళసీసా, తువ్వాలు పట్టుకుని, పాపం చేసినవాడు ఊరేగింపులో నడిచినట్టు నడిచాడు.

గురువారానికి నాకు ఆశ చచ్చిపోయింది. సాలింగ్‌కి ఫోన్ చేసి నావల్ల కాదని చెప్పేద్దామనుకున్నాను. అప్పుడు బాల్డో కబురు పెట్టాడు. బాల్డో మా ఊళ్ళోనే పాత గిటార్లు బాగుచేసి అమ్ముతాడు, సగం పనీ సగం కబుర్లూ.

"లోరింగక్కా, ఎర్రదొకటి వచ్చింది. చూస్తే నవ్వొస్తుంది, కానీ ఒక్కసారి పట్టుకో."

నిజంగానే నవ్వొచ్చేలా ఉంది. చౌక రకం ఎర్ర ఒళ్ళు, దాని మీద ఎవడో అతికించిన మంటల స్టిక్కర్లు. మెడ వేరేదాని నుంచి ఊడదీసి నాలుగు స్క్రూలతో బిగించారు. కళ్ళు మూసుకున్నాను. బొటనవేలు దానంతటది పాకుతూ వెళ్ళి ఒక పల్లంలో ఆగింది.

గిటార్ ఆంబో చేతిలో పెట్టాను. అతను మెడ వెనక బొటనవేలితో ఒకసారి తడిమి, బాల్డో స్టూలు మీద కూలబడ్డాడు.

"స్క్రూడ్రైవర్ ఇవ్వరా," అన్నాడు.

మెడ ఊడదీస్తే, లోపల కనపడని చోట, ఆ రోజుల్లో ఆంబో పెన్సిల్‌తో రాసిన నా పేరు మొదటి అక్షరం ఉంది. ఎన్ని ఒళ్ళు మారిందో, ఎన్ని బ్యాండ్లు తిరిగిందో, మెడ మాత్రం మా ఊరు దాటలేదు. నేను ఏడ్చాను. బాల్డో మర్యాదగా అటు తిరిగి తీగల చుట్టలు సర్దాడు.

ఇంటికొచ్చి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, సాలింగ్ పాట మొదటి కార్డ్ పట్టాను. బొటనవేలి మొదట్లో మేకు దిగినంత నొప్పి. ఇంకోసారి పట్టాను. ఆ పల్లం అంచు సరిగ్గా నా వాచిన కీలులోకి గుచ్చుకుంటోంది. చెయ్యి పక్కకి జరిపితే వేళ్ళు తీగల్ని అందుకోవు. పాతికేళ్ళు కలవరించిన మెడ, వెతగ్గా వెతగ్గా దొరికిన మెడ, ఇప్పుడు నా చేతికి పనికి రాదు.

"నువ్వు చెడగొట్టావు," అన్నాను ఆంబోతో. నా కోపానికి ఎప్పుడూ ముందు దొరికేది అతనే.

"మెడ అలాగే ఉందే," అన్నాడు మెల్లగా. "చెయ్యి మారింది."

"అయితే మళ్ళీ గీకు. నా ఇప్పటి చేతికి గీకు."

"లోపల ఇనప ఊచ ఉంది. అప్పుడే తీయగలిగినంతా తీశాను. ఇంకొంచెం ఎక్కువైతే ఊచ బయటపడి మెడ చీలిపోతుంది. మునపటిలా నా చెయ్యి కూడా నిలకడగా లేదు." కాస్త ఆగి, "దీన్ని రెండోసారి పోగొట్టే పాపం నాకొద్దు, లోరింగ్," అన్నాడు.

బయట వాన మొదలైంది. అతను తల వంచుకుని కూర్చున్నాడు. నేను ఎప్పుడూ అనే ఆ మాట కోసం కాచుకున్నాడని నాకు అర్థమైంది. పాతికేళ్ళుగా ఈ మనిషి ప్రతి వానకీ ఇలా తల వంచుకునే ఉన్నాడు, నేను దాన్ని సరసం అనుకున్నాను.

"ఆ రేకుల కింద మన పిల్లలు పడుకున్నారు," అన్నాను. "నేనున్నా అదే అమ్మేదాన్ని. ఇది నీకు ఎప్పుడో చెప్పాల్సింది. చెబితే ఇక నిన్ను దెప్పడానికి ఏం మిగలదని చెప్పలేదు."

అతను చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు.

"పోతే పోనీ," అన్నాను. "గోడకి తగిలించుకుని చూస్తూ కూర్చోడానికి ఇది బొమ్మ కాదు. శనివారం సాలింగ్ గొంతు వెనక నేనుండాలి. ఇరవై ఏళ్ళ పిల్ల చెయ్యి వచ్చి వాయించదు, ఈ చెయ్యే వాయించాలి."

ఆంబో లేచి వంటింట్లోకి వెళ్ళి బియ్యప్పిండి తడిపి తెచ్చాడు. ముద్ద నా చేతిలో పెట్టి, పైన తన చెయ్యి వేసి వేళ్ళు ఒక్కొక్కటీ సర్దాడు. నా చేతిని అతను అంత జాగ్రత్తగా పట్టుకుని ఎన్నేళ్ళయిందో. చూడటానికి నా ముద్ద అసహ్యంగా వచ్చింది, ఒకవైపు గూని, ఒకవైపు చదును. అతను దాన్ని ఎండబెట్టడానికి కూడా ఆగలేదు, తడిదే కోసి గీత గీశాడు.

శుక్రవారం రోజంతా గీకాడు. లావు తీగల వైపు మెడ అంచు తగ్గించాడు, బొటనవేలు ముడవకుండా పైకి పడుకునేలా. తర్వాత పల్లం దగ్గరకొచ్చాడు. పెంకు ఆనించి, నా వైపు చూశాడు. కానివ్వమన్నాను. ఆ అంచు ఊరికే పోలేదు, నాకూ ఎక్కడో గీసుకుపోయింది. సాయంత్రానికి పల్లం లేదు. ఒకచోట చెక్క అంత పలచనై లోపలి ఊచ నల్లటి నీడలా కనిపించింది. అక్కడ ఆపేసి, వేలికి కొబ్బరినూనె రాసి మెడంతా తుడిచాడు.

"పట్టుకో," అన్నాడు. వెంటనే, "వద్దు, తినేసి పట్టుకో," అన్నాడు. భయమేసి ఇద్దరం ముందు అన్నం తిన్నాం.

తర్వాత పట్టుకున్నాను. నొప్పి లేదనను. భరించగలిగిన నొప్పి.

శనివారం మధ్యాహ్నం సాలింగ్ ఇంటి ముందు టెంటు వేశారు. పాన్సిట్, వేయించిన లుంపియా చుట్టలు, వీధిలో సగం మంది. సాలింగ్ చిక్కి సగమైంది, మెడకి ఆకుపచ్చ స్కార్ఫ్ చుట్టుకుంది, పెదవులకి మాత్రం మునపటి ఎరుపే వేసింది. మా పెద్దాడికి జ్ఞానతల్లి కాబట్టి నన్ను మారే అంటుంది.

"ఏంటి మారే, ఈ మంటల బొమ్మలు? ట్రైసికిల్ ఊడదీసి తెచ్చావా?"

"మెడ చూడు ముందు."

వేళ్ళతో తడిమింది. దానికి గిటార్ రాదు గానీ ఆ మెడ తెలుసు. పల్లం కోసం వెతికింది, దొరకలేదు. ఆంబో వైపు చూసింది, నా చేతి వైపు చూసింది. నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఆ ఎరుపు నేను తుడుచుకోలేదు.

మా నేనాంగ్ రాసిన పాట ఒకటే పాడతానంది, ఓడ వెళ్ళిపోయాక రేవులో చేతిరుమాలు మర్చిపోయిన అమ్మాయి పాట. విరింగ్ డ్రమ్ముల మీద బ్రష్షులతో మెల్లగా తాళం వేసింది. ప్రతి చరణానికీ సాలింగ్ ఊపిరి మధ్యలో ఆగింది. అక్కడల్లా నేను కార్డ్ పట్టుకుని ఆగాను, చెయ్యి నిలబడింది. ఊపిరి అందాక అది అందుకునేది. పాట అయిపోయింది, జనం చప్పట్లు కొట్టారు, కూతురు మంచినీళ్ళు తెచ్చింది. సాలింగ్ గ్లాసు తోసేసి నా వైపు చూసి వేలు తిప్పింది, మళ్ళీ మొదటి నుంచీ అని.

ఐదుసార్లు పాడింది. ఒక్కోసారికి గొంతు ఒక్కో మెట్టు దిగింది. నాలుగోసారికి నా బొటనవేలు మంటలా కాలుతోంది, ఆంబో లేచి నిలబడ్డాడు, కళ్ళతోనే వారించాను. ఐదోసారి చివరి వరసలో చివరి మాట దగ్గర సాలింగ్ పెదవులు కదిలాయి గానీ చప్పుడు రాలేదు. నేను ఆగాను. చాలాసేపు ఆగాను. అది నోరు మూసుకుని, మైకు కిందికి దించి, నువ్వు చెప్పు అన్నట్టు నా వైపు తల ఊపింది.

ఆ మాట నేను గిటార్ మీద వాయించాను.