ఈ పూటకి మానెయ్యండి

“అన్నం తగ్గించండి, ఆకుకూరలు పెంచండి. ఈ మాట చెప్పడానికి మా రాచెల్ ఐదేళ్లు చదివింది” అన్నాడు మా ఆయన ఎబినేజర్, నేను పులావు వడ్డిస్తుంటే. శనివారం ప్రార్థన కూటానికి వచ్చిన పదకొండు మందీ నవ్వారు. నేనూ నవ్వాను. చేతిలో గరిటె ఉన్నప్పుడు నవ్వేయడమే తేలిక.

పాప పుట్టాక ఆసుపత్రిలో డైటీషియన్ ఉద్యోగం మానేశాను. నిజానికి పాపను చూసుకోవడం తన వల్ల కాదని అత్తయ్య అన్నారు, ఎబినేజర్ “నీ ఇష్టం” అన్నాడు. అందులో నా ఇష్టం ఎక్కడుందో వెతుక్కునే లోపే రాజీనామా ఇచ్చేశాను. రెండేళ్లు గడిచాక, 2007లో, షుగర్ వచ్చిన గర్భిణుల కోసం ఆర్కుట్‌లో తెలుగు కమ్యూనిటీ ఒకటి మొదలుపెట్టాను. మడివాళలోని మా ఇంటి హాల్లో, మూలనున్న కంప్యూటరే నా ఆసుపత్రి. వారం వారం సిటీకి రాలేని వాళ్లు ఏం తిన్నారో, షుగర్ ఎంతుందో రాసేవారు. వాళ్ల డాక్టర్ చీటీ చూడకుండా నేను ఎవరికీ ఏమీ చెప్పేదాన్ని కాదు. అత్తయ్య లెక్కలో అది “కంప్యూటర్ ముందర కూచోని కబుర్లు చెప్పేది.”

వాళ్లలో హరిణి ఒకరు. అత్తిబెలెలో ఒక కంపెనీలో పని, ఏడో నెల, ఇన్సులిన్ మీద ఉంది. ఆమె డాక్టర్‌తో నేను ఫోన్లో మాట్లాడాకే భోజన పట్టిక రాసిచ్చాను.

ఆ సాయంత్రం నాలుగింటికి పులావు గిన్నె తోముతుంటే ఫోన్ మోగింది.

“రాచెల్ మేడమేనా? హరిణి హస్బెండ్‌ని, శశిధర్‌ని. మీరు తనకి ఏం చెప్పారండీ?” ఆ గొంతులో కేకల్లేవు. అందుకే భయమేసింది. “కంపెనీ బస్సులో బొమ్మసంద్ర దగ్గర పడిపోయింది. షుగర్ ముప్పై ఎనిమిదికి వచ్చిందంట. ఇప్పుడు తెలివొచ్చింది. బిడ్డకి స్కాన్ చేస్తున్నారు. మీరే తినొద్దన్నారంట కదా.”

“నేనలా చెప్పలేదండీ” అన్నాను.

“మీ పేరే ఉందండీ అక్కడ” అని పెట్టేశాడు.

తడి చేతులతోనే కమ్యూనిటీ తెరిచాను. పన్నెండూ పదికి హరిణి రాసింది: ఇంజెక్షన్ వేసుకున్నాను, వాంతి వచ్చేలా ఉంది, అన్నం చూడబుద్ధి కావడం లేదు, ఏం చెయ్యమంటారు? పన్నెండూ పద్నాలుగుకి నా పేరుతో జవాబు: ‘ఈ పూటకి మానెయ్యండి. షుగర్ తగ్గుతుంది, మంచిదే.’ ఆ సమయానికి నేను వంటింట్లో ఉల్లిపాయలు వేయిస్తున్నాను.

వెనక్కి తిరిగితే ఎబినేజర్ సోఫాలో ఉన్నాడు. స్క్రీన్ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

“నీ అకౌంట్ తెరిచే ఉంది, నువ్వు బిజీగా ఉన్నావు కదా అని రాశాను. హెల్ప్ చేద్దామనే.”

“ఇన్సులిన్ వేసుకుని తినకపోతే ఏమవుతుందో తెలుసా మీకు?”

“నాకెలా తెలుస్తుంది? రోజూ నువ్వు చెప్పేది అదేగా, తగ్గించండి, తగ్గించండి అని.” గొంతు తగ్గించాడు. “చూడు, అది డిలీట్ చేసెయ్. తొందరలో రాశానని సారీ చెప్పు. నీకేం, ఉద్యోగమా పోయేదానికి? నేనైతే చర్చి సంఘానికి సెక్రటరీని, ఆఫీసులో ప్రమోషన్ టైమ్.”

“ఒక మాట పడితే ఏమి అప్పా, నోరు అరిగిపోతాదా” అన్నారు అత్తయ్య గుమ్మంలోంచి. “మొగోడి పేరు బజారున పడేది మంచిదా?”

డిలీట్ మీదికి బాణం గుర్తు తెచ్చాను కూడా. ఏళ్లుగా ఈ ఇంట్లో అన్ని తప్పులూ అలా నా మీద వేసుకుని చెరిపేసినవే. పప్పు మాడితే నాది, పాపకు జ్వరం వస్తే నాది, ఆయన మరచిపోయిన తాళాలూ నావే. అలవాటు ఎంత బలమైనదంటే, ఆ తినొద్దన్న మాట నేనే రాశానేమోనని ఒక్క క్షణం నాకే అనిపించింది. కానీ ఇది మాడిన పప్పు కాదు. ఇది నేనే రాశానని ఒప్పుకుంటే, రేపు నేను తినమని చెప్పే ముద్దను హరిణి ఎలా నమ్ముతుంది? ఆ కమ్యూనిటీలో నూట నలభై మంది ఉన్నారు. వాళ్లలో ఇన్సులిన్ వేసుకునే ఎవరో ఒకరు ఇప్పుడు ఆ జవాబు చదువుతూ ఉండవచ్చు.

దాన్ని చెరపలేదు. దాని కిందే రాశాను: ‘పై సలహా ప్రమాదకరం, ఎవరూ పాటించవద్దు. అది నేను రాసింది కాదు, నా భర్త రాశారు. ఇన్సులిన్ వేసుకున్నాక భోజనం మానకండి. తినలేకపోతే వెంటనే మీ డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.’ పోస్ట్ నొక్కి, పాస్‌వర్డ్ మార్చి లేచాను. ఎబినేజర్ గబగబా వచ్చి నా కుర్చీలో కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి హరిణే. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందని చెప్పింది. ఆమె ఏదో అడగబోతుంటే ఆపి, జరిగింది జరిగినట్టు చెప్పాను. మీ డాక్టర్‌తో కూడా ఇదే చెబుతానన్నాను. ఎబినేజర్ వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాల్సిందే అనుకున్నాను.

“డాక్టర్ గారు ఏదైనా తినమంటున్నారు మేడమ్” అంది నీరసంగా. “ఏం తినాలో మీరు చెప్తేనే తింటాను.”

కళ్లు తుడుచుకుని కంప్యూటర్ దగ్గరికి వెళ్లాను. ఆమె పట్టిక అందులోనే ఉంది.

“లేవండి” అన్నాను ఎబినేజర్‌తో. “పేషెంట్ లైన్లో ఉంది.”