చక్‌లో మిగిలిపోయిన కీ

నేను ఒక చక్ కీని. ఐటీఐ వర్క్‌షాపు గుమ్మం తొక్కనివాళ్ళకు నా పేరు కొత్తగా ఉండవచ్చు. లేత్ మిషన్‌కు ఒక పక్క గుండ్రటి ఇనుప పిడికిలి ఉంటుంది, దాన్ని చక్ అంటారు. చెక్కవలసిన కడ్డీని అది పట్టుకుంటుంది, మిషన్ వేయగానే కడ్డీతో సహా గిర్రున తిరుగుతుంది. ఆ పిడికిలిని బిగించడం, వదులు చేయడం నా పని. జానెడు పొడవు, చేతికి పట్టుగా అడ్డంగా ఒక పిడి, కొసన నలుచదరపు మొన, అంతే నా రూపం. పని కాగానే నన్ను ఊడదీసి పక్కన పెట్టాలి. చక్‌లోనే మరిచిపోయి మిషన్ వేశారో, నేను ఎటు ఎగురుతానో నన్ను చేసినవాడు కూడా చెప్పలేడు. ఇది మొదటే ఎందుకు చెబుతున్నానంటే, నన్ను మంచిదాన్నని మీరు అనుకోకూడదు. మంచీ చెడూ నాకు తెలియవు. నన్ను ఎక్కడ వదిలితే అక్కడ ఉంటాను.

పుట్టింది పంజాబు వైపు ఒక కొలిమిలో. ఎర్రగా కాల్చి, సమ్మెట దెబ్బలు వేసి, నూనెలో ముంచారు. కొత్త లేత్ మిషన్‌తో పాటు చెక్కపెట్టెలో రైలెక్కి శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఐటీఐకి వచ్చాను. లేత్ పని నేర్పే టర్నర్ ట్రేడు మాస్టారు సింహాచలం గారు పెట్టె విప్పి, నన్ను అరచేతిలో తూచి, "ఇది పెంకి పిల్లరా, దీన్తోటి జాగర్త" అన్నారు. నన్ను పిల్ల అన్నది ఆయనొక్కరే.

ఆయన వర్క్‌షాపు సంతలా ఉండేది. నేలంతా ఇనుప రజను, ఒకడి పాట, ఇంకొకడి వేళాకోళం, భోజనాలయ్యాక మాస్టారి కునుకు. తనిఖీకి వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. అయితే ఆయనకు రెండు పట్టింపులు ఉండేవి. షాపులో ఎవరు "ఆగు" అని అరిచినా, అరిచింది నిన్న చేరిన కుర్రాడైనా సరే, అందరి చేతులూ మిషన్ల మీద నుంచి లేవాలి. ఉత్తినే అరిచాడని తేలినా తిట్టకూడదు. రెండోది, సాయంత్రం టీ వచ్చినప్పుడు మొదటి గ్లాసు ఆ రోజు తాను చేసిన తప్పును తానే చెప్పినవాడికి.

"ఈయాల తప్పు సేసినోడు ఎవుడ్రా? ఆడికే ముందు టీ," అనేవారు.

వేడి టీ కోసం చేయని తప్పులు కూడా నెత్తిన వేసుకునేవాళ్ళు ఉండేవారు. మనుషుల తీరే అంత. అయినా చెప్పినవాటిలో చాలావరకు నిజాలే. అవి విన్నవాళ్ళు మర్నాడు ఆ తప్పు జోలికి పోయేవారు కాదు.

ఆయన చివరి బ్యాచ్‌లో పైడితల్లి అనే అమ్మాయి చేరింది. ఆ ట్రేడులో ఆమె ఒక్కతే ఆడపిల్ల. మనిషి పీలగా ఉన్నా గొంతు మాత్రం షాపంతా నిండేది. వాళ్ళ ఊరివాడే తవుడు పక్క మిషన్ మీద పనిచేసేవాడు, ఆమెను "మా ఊరి మైకు" అని ఏడిపించేవాడు. ఒకరోజు సింహాచలం గారే పరధ్యానంగా నన్ను చక్‌లో వదిలేసి మిషన్ తిప్పే లివరు మీద చేయి వేశారు. "కీ ఉంది మాస్టారూ, ఆగండి," అని పైడితల్లి పెట్టిన కేకకు పక్క షాపులో వెల్డింగు కూడా ఆగిపోయింది. మాస్టారు నన్ను ఊడదీసి చెమట తుడుచుకున్నారు. ఆ సాయంత్రం, తప్పు తనది కాబట్టి మొదటి గ్లాసు తనదే అని తీసుకుని తాగారు. అందరూ పడీపడీ నవ్వారు. ఒక పెద్ద గండం గడిచిందని అప్పుడు నాకు కూడా తోచలేదు.

ఆ వేసవిలో ఆయన రిటైరయ్యారు. ఆయన స్థానంలోకి మురళీధర్ గారు వచ్చారు.

మురళీధర్ గారిని చెడ్డవాడని నేను అనను. ఇదివరకు పనిచేసిన చోట, పిల్లలు కబుర్లలో ఉండగా ఒక కుర్రాడి వేళ్ళు మిషన్‌లో పడి నలిగిపోయాయట. అప్పటి నుంచి ఆయనకు చప్పుడంటే భయం. మాట వినబడని చోట ప్రమాదం ఉండదని మనసారా నమ్మారు. నేల కడిగించారు, పసుపు గీతలు గీయించారు, నాకు గోడ మీద ఎర్రరంగు కొక్కెం కొట్టించారు. గోడల నిండా జాగ్రత్తలు చెప్పే బోర్డులు వెలిశాయి. మాట్లాడాలంటే చేయి ఎత్తాలి, ఆయన తల ఊపాకే నోరు తెరవాలి. ఆయన మిషన్ మీద చేసి చూపిస్తున్నప్పుడైతే అసలు ఎవరూ కిక్కురుమనకూడదు. టీ దగ్గర తప్పుల ముచ్చట మొదట్లోనే పోయింది. తప్పు చేసి దొరికినవాడిని వారం రోజులు మిషన్ ముట్టనిచ్చేవారు కాదు. దాంతో అందరూ దొరకడం మానేశారు. తప్పులు తగ్గాయని ఆయన మురిసిపోయారు. నా కొక్కెం మీద నుంచి నాకు అన్నీ కనిపించేవి. విరిగిన టూలు ముక్కలు జేబుల్లోకి, చెడిన కడ్డీలు పెరటి తుప్పల్లోకి చేరుతున్నాయి.

కొత్తలో పైడితల్లి అలవాటు కొద్దీ పాఠం మధ్యలో "కడ్డీ వదులుగా ఉందండీ" అని అరిచింది. నిజంగానే వదులుగా ఉంది. మురళీధర్ గారు బిగించుకుని, కోపం లేకుండానే, "నువ్వు చెప్పింది నిజమే. చెప్పిన పద్ధతి బాగాలేదు. బయట నిలబడు," అన్నారు. ఆ వారమంతా ఆమె కిటికీ అవతల నుంచి పని చూసింది. లోపలికి వచ్చాక ఆమె గొంతు మళ్ళీ వినిపించలేదు. తవుడు మైకు అని పిలిచినా నవ్వేది కాదు. షాపులో ఇనుము కోస్తున్న చప్పుడు తప్ప మరేమీ లేని ఆ రోజుల్లో నాకు భయం వేసేది. ఏదో జరుగుతుందని తెలుసు. అది నా వల్లే జరుగుతుందని కూడా తెలుసు.

విశాఖ నుంచి ఒక కంపెనీవాళ్ళు అప్రెంటిస్‌లను ఎంచుకోవడానికి వస్తున్నారని కబురు వచ్చింది. పైడితల్లికి ఆ అవకాశం ఎలాగైనా కావాలి. అది దక్కకపోతే జీడిపప్పు బట్టీలో పనికి పంపుతామని ఇంట్లో చెప్పేశారు. ఎవరిని పంపాలన్నది మురళీధర్ గారు చెప్పే మాట మీద ఉంటుందని అందరికీ తెలుసు.

కంపెనీవాళ్ళు వచ్చిన రోజు మురళీధర్ గారు ఇస్త్రీ చొక్కాలో చెమటలు కక్కుతూ మిషన్ దగ్గర నిలబడ్డారు. నూనె డబ్బా పట్టుకుని తవుడు చక్ పక్కనే ఉన్నాడు. మురళీధర్ గారు కడ్డీ పెట్టి నాతో బిగించారు. ఇంతలో వచ్చినవాళ్ళలో ఒకాయన ఏదో అడిగాడు. అటు తిరిగి జవాబు చెప్పి, ఇటు తిరిగేసరికి ఆయన చేయి నా మీదికి రాలేదు, లివరు మీదికి వెళ్ళింది.

పైడితల్లి నన్ను చూసింది. పెదాలు విడివడ్డాయి, మళ్ళీ కలుసుకున్నాయి. చేయి ఎత్తింది.

మురళీధర్ గారు ఆ చేతిని చూశారు. పెద్దమనుషుల ముందు పరువుగా నవ్వి, "ప్రశ్నలు చివర్లో," అన్నారు. ఆమె మునివేళ్ళ మీద లేచి చేతిని ఇంకా పైకి ఎత్తింది. ఆయన లివరు నొక్కారు.

నేను ఎగిరాను. తవుడి ఎడమ కంటి మీద పడ్డాను.

కంపెనీవాళ్ళు ఎవరినీ ఎంచుకోకుండానే వెనక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత విచారణ జరిగింది. అదే వర్క్‌షాపులో బల్ల వేసుకుని అధికారి ఒకాయన అందరినీ పిలిచి అడిగాడు.

"కీ చక్‌లో ఉండటం నువ్వు చూశావా?" అని పైడితల్లిని అడిగాడు.

"సూసానండి."

"మరి చెప్పలేదేం?"

"సేయి ఎత్తానండి."

ఆయన అది రాసుకుని, సరే వెళ్ళమన్నాడు. మురళీధర్ గారిని వేరే ఊరికి మార్చారు. వెళ్ళేముందు ఆయన ఒక్కరే షాపులోకి వచ్చి ఎర్ర కొక్కెం ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆయన మీద కూడా నాకు జాలి కలిగింది. చక్‌లో వదిలేస్తే వాటంతటవే బయటికి వచ్చేసే స్ప్రింగు కీలు కొత్తగా తెప్పించారు. నన్ను వరండాలో అద్దాల పెట్టెలో పెట్టి, కింద 'నిర్లక్ష్యం ప్రాణాంతకం' అని రాయించారు. నిర్లక్ష్యం ఎవరిదో రాయలేదు. కొత్త మాస్టారు వచ్చి, షాపు చక్కగా ఉందని మెచ్చుకుని, మురళీధర్ గారి పద్ధతులనే కొనసాగించారు.

మొన్న తవుడు సర్టిఫికెట్ల కోసం వచ్చాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నా పెట్టె ముందు నిలబడ్డాడు. అతణ్ణి చూసి పైడితల్లి షాపులోంచి బయటికి వచ్చింది.

"నువ్వు సేయెత్తినావంట కదా," అన్నాడు తవుడు.

"ఎత్తినాను."

"నాను మిషన్ వేపు సూస్తన్నాను. నీ సెయ్యి నాకెలాగ కనిపిస్తాది?" అని ఆగి, "అరిసుంటే ఇనేవోణ్ణి," అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఆ పిల్ల తట్టుకునేది. ఎత్తిన ఆ చేతిని ఒకసారి చూసుకుంది. బస్సుకు వేళైందని తవుడు మిగిలిన ఒంటికంటితో మెట్లు తడుముకుంటూ దిగి వెళ్ళిపోయాడు. పైడితల్లి చున్నీతో ముఖం తుడుచుకుని, షాపు గుమ్మంలో నిలబడి, లోపలికి రావడానికి అనుమతి కోసం చేయి ఎత్తింది.