మధ్య పడవ

తెల్లవారుజామున నాలుగింటికి పద్మప్రియ కొబ్బరి కోరుతోంది. ఇరవై మందికి ఇడ్లీ, రెండు పచ్చళ్ళు. "హోటల్ టిఫిన్ పెడితే బాగోదు ప్రియా, నువ్వు చేసి పట్టుకురా" అని భర్త సూర్యతేజ నిన్న చాలా తేలిగ్గా అనేశాడు. ఆ ఇరవై మందీ కలిదిండి చెరువుల దగ్గరికి వస్తున్నది ఆమె ఇడ్లీల కోసం కాదు, మూడేళ్ళు కూర్చుని ఆమె చేసిన పని చూడడానికి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. గుర్తున్నా పైకి అనరు.

మొగుడూ పెళ్ళాలిద్దరూ దెందులూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళి ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతారు. ఈ పని మాత్రం ఆమెది. మామగారు వీరరాఘవులుకి కలిదిండిలో చేపల చెరువులున్నాయి. చేపల మేతకి గుంజలకు తవుడు సంచులు కట్టే పడవలు పొద్దస్తమానం వాటిల్లో తిరుగుతుంటాయి. నడి చెరువులో ఫోన్ పలకదు. ఓ మూల నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి చేపలు తలలు పైకెత్తితే, మందు తీసుకుని తిరిగే పడవలకు ఆ కబురు అందేసరికి సగం చేప చచ్చి తేలిపోతుంది. పద్మప్రియ ఒక్కో పడవలో ఓ చిన్న వైర్‌లెస్ పెట్టె పెట్టించింది. టవర్ అక్కర్లేదు, కబురు పడవ మీంచి పడవకు దూకుతూ పోతుంది. చెరువంతా చాటింపు వేయదు, విడివిడిగా ఒక్కొక్కరికీ చెప్పదు. మందు పడవలు నాలుగుంటే ఆ నాలుగింటికీ కలిపి ఒకటే కబురు బయల్దేరుతుంది, దారి చీలిన చోట మాత్రమే రెండవుతుంది. పడవలు కదిలితే కొత్త దారి తనే వెతుక్కుంటుంది.

వీటన్నిటికన్నా ఆమె తల బద్దలుకొట్టుకున్నది మధ్య పడవ గురించి. అందరి కబుర్లూ దాని మీదుగానే పోతాయి కాబట్టి అందరికన్నా ముందు దాని బ్యాటరీయే అయిపోతుంది. ఆ ముక్క తెలుసుకోవడానికి ఆమెకు ఏ పుస్తకమూ అక్కర్లేకపోయింది. "మీ ఆయనతో చెప్పమ్మా, నా బీపీ బిళ్ళలు అయిపోయాయని." "మా అమ్మతో చెప్పు, ఆ పెళ్ళికి నేను రానని." "అబ్బాయితో చెప్పమ్మా, చెరువు లీజు కాగితాలు చూడమని." తండ్రీ కొడుకులు ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని కూడా ఆమె చేతే చెప్పిస్తారు. కబురు చేరకపోతే తప్పు ఆమెది, చేరి గొడవైతే మరీ ఆమెది. పదకొండేళ్ళుగా ఇదే వరస. అందుకే ప్రోగ్రాములో ఒక నియమం పెట్టింది. మోస్తున్న పడవకు బ్యాటరీ సగానికి రాగానే పక్క పడవ ఆ పని అందుకోవాలి. అది రాసిన రోజున ఎందుకో ఆమెకు ఏడుపొచ్చింది.

నిధుల కోసం పెట్టిన ప్రాజెక్టు దరఖాస్తు మీద మాత్రం సూర్యతేజ పేరుంది. పంపాల్సిన రోజున ఆమె అత్తగారు రత్నాంబను కంటి ఆపరేషన్‌కి ఏలూరు తీసుకెళ్ళింది. తిరిగొచ్చేసరికి అతను పంపేశాడు. "ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు కదా, ఎవరి పేరుంటే ఏంటి?" అన్నాడు. ఒకటే అయితే నా పేరే పెట్టచ్చుగా అన్న మాట గొంతుదాకా వచ్చింది. నోట్లోంచి మాత్రం "కాఫీ తాగుతారా?" అని వచ్చింది. ఆ కాఫీ తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

చెరువు గట్టున షామియానా వేశారు. డబ్బు మంజూరు చేసే సంస్థ తరఫున హెన్రీ గారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. సూర్యతేజ మైకు పట్టుకున్నాడు. పద్మప్రియ పచ్చడి వడ్డిస్తోంది. మొదటి పావుగంట కబుర్లు చక్కగా నడిచాయి. ఆ తర్వాత తెర మీద పడవల గుర్తులు ఒక్కొక్కటే ఎర్రబడి అన్నీ ఆగిపోయాయి.

"సిగ్నల్ ప్రాబ్లమ్ సార్" అన్నాడు సూర్యతేజ.

"సిగ్నల్ అక్కర్లేదని ఇందాక మీరే అన్నారు కదండీ" అన్నారు హెన్రీ గారు.

పద్మప్రియ గరిటె పెట్టేసి ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చి కూర్చుని చూసింది. ఆమె రాసిన నియమం లేదు. నిన్న సాయంత్రం నుంచి మోత మొత్తం ఆ ఒక్క మధ్య పడవ మీదే పడి, దాని బ్యాటరీ అయిపోయింది.

"మాటిమాటికీ పడవ మారుతుంటే చూసేవాళ్ళకి గందరగోళంగా ఉంటుందని తీసేశాను" అని గొణిగాడు సూర్యతేజ. "మధ్య పడవ గట్టిదే కదా, ఎలాగూ మోస్తుందిలే అనుకున్నా."

ఎలాగూ మోస్తుందిలే! ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అతను అప్పటికే మైకులో నవ్వుతున్నాడు. "మా ఆవిడ రెండు నిమిషాల్లో సరిచేసేస్తుంది సార్."

రెండు నిమిషాలు కూడా పట్టదు. అలవాటుగా ఆమె చేతులు కీబోర్డు మీదికి వెళ్ళాయి. వెళ్ళిన చేతుల్ని వెనక్కి తీసుకుంది.

"చేస్తానండీ. ముందు దరఖాస్తులో పేరు మార్చండి. ఇది నేను చేసిన పని."

షామియానా కింద తింటున్నవాళ్ళందరూ తలలెత్తారు. వీరరాఘవులు గబగబా లేచొచ్చాడు. "నలుగురిలో ఏంటమ్మాయ్ ఇది? ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాట్లాడుకోడానికి నాకు ఖాళీ ఎక్కడుందండీ మావయ్యగారూ" అంది పద్మప్రియ.

హెన్రీ గారు ఫైల్లోంచి దరఖాస్తు తీసి బల్ల మీద పెట్టి, పెన్ను మూత తీసి సూర్యతేజకు అందించారు. అతను భార్య వైపు చూశాడు. ఆమె కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"సరే ప్రియా, నీ పేరు కూడా చేరుస్తాను, సరేనా?" అని తన పేరు కిందున్న ఖాళీలో పెన్ను ఆనించాడు.

"చేర్చద్దండీ. మీది కొట్టేసి రాయండి."