ప్రస్థానం మూట

మూట చిన్నదే. రెండు చీరలు, పాప గౌన్లు, అల్లుడు తవిటయ్య రంగూన్ నుంచి పంపిన పసుపుపచ్చ ఉన్ని స్వెట్టరు, గుప్పెడు బియ్యం. పోలమ్మ వాటిని కొత్త గుడ్డలో కట్టి కూతురు చిలకమ్మ నెత్తిన పెట్టింది. కలకత్తా రైలుదారిలోని నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల వరసలో తూర్పు చివర ఎస్తేరమ్మ ఇల్లు. మూట అక్కడికే.

"మాది ఏసు పెబువు ఇల్లప్పా! నీ మూర్తం సెడిపోదా?" అంది ఎస్తేరమ్మ నవ్వుతూ.

"దిక్కు తూరుపే గదా. ఓడ అటేపే గదా ఎల్తాది. నీ పెబువు ఏటనుకోడులే" అంది పోలమ్మ.

చిలకమ్మ పురిటికి పుట్టింటికి వచ్చి ఏడాది కావస్తోంది. భర్త తవిటయ్య రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేస్తాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ చిలకమ్మదీ ఆ ఊరే. స్వతంత్రం వచ్చాక అక్కడి ప్రభుత్వం కొత్త నిబంధన పెట్టింది. ఆ దేశంలో ఉండే హక్కున్న బయటివాళ్ళు దేశం దాటి వెళితే ఏడాదిలోగా తిరిగి రావాలి. రాకపోతే హక్కు పోతుంది. చిలకమ్మ గడువు దసరాలు వెళ్ళిన వారానికి తీరుతుంది.

ఎండాకాలంలోనే వెళ్ళవలసింది. పాపకి తట్టు పోసింది. తేరుకునేసరికి వానలు. ఆ తరవాత మూఢం వస్తుందని, మూఢంలో పసిబిడ్డతో ప్రయాణం కూడదని పోలమ్మ పట్టుబట్టింది. అందుకే మూఢం రాకముందే మంచిరోజు చూసి ప్రస్థానం పెట్టారు. మూట గడప దాటితే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఇంక ఏ రోజు వెళ్ళినా దోషం ఉండదు.

దోషం సంగతి ఎలా ఉన్నా, ఆ మూట గడప దాటాక ఇంట్లో అందరికీ బెంగ తగ్గిపోయింది. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే అన్న ఎర్రయ్య, "టిక్కెట్టు తెచ్చీమంటావేటమ్మా?" అని అడిగితే పోలమ్మ, "దానికేటి, అది బయల్దేరిపోనాది. ఈ ఓడ కాపోతే పై ఓడ" అనేది. ఒక ఓడ పాప జ్వరానికి పోయింది. ఇంకొకటి దసరా పూజల ముందు పని ఎక్కువై ఎర్రయ్యకి సెలవు దొరక్క పోయింది. చిలకమ్మ కూడా పుట్టింటి అరుగు మీద తల దువ్వించుకుంటూ, నేను వెళ్ళిపోయినదాన్నే కదా అనుకుంది. అలా అనుకుంటే అమ్మ దగ్గర ఇంకో వారం ఉండడం తప్పనిపించలేదు.

విజయదశమి వెళ్ళిన పది రోజులకి ఎర్రయ్య టిక్కెట్టు కోసం కలకత్తా వెళ్ళాడు. వెళ్ళేసరికే గడువు దాటింది. మొహం వేలాడేసుకుని సాయంత్రం బండికి తిరిగొచ్చాడు.

"గడువు తీరిపోనాదంట. కొత్తగా అర్జీ పెట్టుకోవాలంట. కొత్తోళ్ళని రానివ్వడం లేదంట."

"బయల్దేరిందని సెప్పలేదేట్రా నువ్వు?" అంది పోలమ్మ.

"సెప్పినానమ్మా. మూట ముందే గడప దాటిందండి, మా ఆచారమండి అన్నాను. ఆ ఓడ ఆపీసు బాబు నవ్వనేదు. మూట సంగతి కాదు, మనిషి ఎక్కడుంది అనడిగినాడు." ఎర్రయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఏటి సెప్పను? మా ఇంట్లోనే ఉందండి అన్నాను."

చలి మొదలయ్యే వేళకి తవిటయ్య ఉత్తరం వచ్చింది. అక్కడ తనూ అర్జీ పెట్టి చూశాడు. ఫలితం లేదు. తను వచ్చి చూసి వెళ్ళాలంటే మిల్లువాళ్ళు పనిలోకి మళ్ళీ తీసుకోరు, పని లేనివాణ్ణి అక్కడ ఉండనివ్వరు. వస్తే వచ్చేయడమే. "ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు" అని రాయించాడు.

చిలకమ్మ జవాబు రాయించలేదు. పోలమ్మ మాత్రం రోజూ ఎస్తేరమ్మ ఇంటికి వెళ్ళి మూట చూసి వచ్చేది. అది తిరిగి ఇంటికొస్తే ప్రయాణం రద్దయినట్టే. అక్కడున్నన్నాళ్ళూ దారి ఉన్నట్టే.

ఒక పొద్దున్న పాప చలికి వణుకుతుంటే చిలకమ్మ, "అమ్మా, సెట్టరు ఆ మూటలో ఉండిపోనాది" అంది.

"ఇంటికి తేకే. కావాలంటే పాపనే అక్కడికి ఎత్తుకెళ్ళి తొడుగు. మూట మటుకు కదపకు."

చిలకమ్మ పాపని ఎత్తుకుని వెళ్ళింది. ఎస్తేరమ్మ మేకుకి వేలాడే మూట దింపి ఇచ్చింది. స్వెట్టరు పాప తల మీంచి కష్టంగా దిగింది. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. తవిటయ్య అంచనాకి ఎప్పుడో కొన్నది. పాప గోడ పట్టుకుని లేచి నిలబడి నవ్వింది. ఆ నిలబడటం తవిటయ్య చూడలేదు. అసలు పాపనే చూడలేదు.

చిలకమ్మ మూట ముడి బిగించింది.

"తీసుకెళ్ళిపోతావేటమ్మా?" అంది ఎస్తేరమ్మ మెల్లిగా.

"తీసుకెళ్ళిపోతాను పిన్నీ. ఎన్నాళ్ళు నీ మేకుకి?"

చంకలో పాప, నెత్తిన మూట. వాకిట్లో పోలమ్మ చూసి నిలబడిపోయింది. ఎర్రయ్య వర్క్‌షాపుకి బయల్దేరుతూ సైకిలు ఆపాడు.

"అన్నియ్యా, బావకి ఇయ్యాలే ఉత్తరం రాసీ. వొచ్చీమను. పిల్లని సూసుకోమను. పని ఇక్కడే ఏదో దొరుకుతాది."

ఎర్రయ్య తల్లి వంక చూశాడు. పోలమ్మ లోపలికి వెళ్ళి, దూరం నుంచి వచ్చినవాళ్ళకి ఇచ్చినట్టు, చెంబుతో నీళ్ళు తెచ్చి గడప ముందు పెట్టింది.

"కాళ్ళు కడుక్కుని రాయే" అంది.