చేదెక్కిన ఉగ్గు

నేను ఒక పిండిమరను. ఇనుప ఒళ్లు, లోపల రెండు రాళ్లు. కదిరి దగ్గర ఒక పల్లెలో కొన్నాళ్లు రాగులూ జొన్నలూ ఆడాను. నా యజమాని బస్సుల వ్యాపారంలోకి దిగుతూ నన్ను నాగలింగమ్మకు అమ్మేశాడు. ఆమె నన్ను కడిగి, ఆరబెట్టి, పసిపిల్లల ఉగ్గుపిండికే కేటాయించింది. బియ్యం, పెసరపప్పు, కాసిని వేరుశనగ గింజలు దోరగా వేయించి నాలో పోసి, ఆ పిండి ఊళ్లో తల్లులకు అమ్మేది. నేను వేడెక్కానేమోనని చెయ్యి ఆనించి చూసేది. మరను అంతగా పట్టించుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ ఏడు వేరుశనగ పీకే వేళకు ముసురు పట్టింది. చేలల్లో కుప్పలు తడిసి బూజెక్కాయి. ఆమె మరిది ఓబులేసు ఆ గింజలే తెచ్చాడు.

"పైపైన ఏరి వేయిస్తే పోతాదిలే వదినా" అన్నాడు.

ఆమె నమ్మింది. నేను ఆడాను. మరకు నోరుంది గాని నాలుక లేదు.

ఒక పొద్దున షాహీన్ అనే బాలింత డబ్బాతో వచ్చింది. "పిల్లోడు ఉమ్మేస్తాండాడక్కా. చేదుగా ఉండాది."

నాగలింగమ్మ చిటికెడు నోట్లో వేసుకుంది. మరుక్షణం నన్ను ఆపేసింది. ఇంట్లో తన మనవరాలు తింటున్నదీ ఆ పిండే. దాన్ని పట్నంలో పరీక్షకు ఇచ్చింది. బూజు వదిలిన విషం ఉందని తేలింది. అక్కడి డాక్టరమ్మ దగ్గర ఆ కబురు విని వచ్చి, నా పక్కనే కూలబడి షాహీన్‌తో చెప్పింది.

"వేయించినా ఉడికించినా పూరా పోదంట. పసిబిడ్డల కాలేయానికి చేటంట, ఎదగనీదంట."

"తిన్నోళ్లకు ఏమైతాదక్కా?"

"కొంచెమే తిన్నారు, ఏమీ కాకపోవచ్చు అనింది ఆ డాక్టరమ్మ. ఏమీ కాదని మాత్రం గట్టిగా చెప్పలేనన్నాది."

ఇద్దరూ కలిసే బయల్దేరారు. ఇల్లిల్లూ తిరిగి, ఉన్నదున్నట్టు చెప్పి, పిండి వెనక్కి తెచ్చారు. కొందరు తల్లులు తిట్టారట. ఒకామె ఏమీ అనకుండా తలుపు వేసుకుందట. నాగలింగమ్మను ఏడిపించింది ఆ తలుపే.

ఓబులేసు సంచులు చూసి, "బర్రెలకు పెడదాం" అన్నాడు.

"పాలల్లోకి వస్తాదంట. ఆ పాలు తాగేదెవురు?" అని ఆమె గొయ్యి తీయించి, అంతా పూడ్పించింది.

ఇక నా వంతు. నా రాళ్ల గరుకుల్లో ఆ పిండి ఇరుక్కుపోయింది. ఎంత కడిగినా ఆమెకు నమ్మకం కుదరలేదు. కొంటామని వచ్చినవాళ్లకు ఇవ్వలేదు. మనవరాలిని చంకనెత్తుకుని నిలబడి, రాళ్లు పగలగొట్టించింది. మనుషులు తమ తప్పుకు వస్తువులను శిక్షిస్తారని విన్నాను. ఆమెది శిక్ష కాదు. సుత్తి పడే ముందు నా మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది.

ఇప్పుడు కదిరిలో పాత ఇనుప సామాన్ల కొట్టులో పడి ఉన్నాను. ఏళ్లు గడిచాయి. ఆ పిల్లలు ఎలా ఉన్నారో చెప్పేవాళ్లు ఇక్కడికి రారు. గేటు ముందు నుంచి బడిపిల్లలు పోతుంటారు. వాళ్లలో ఎవరైనా ఈడుకు తగ్గ ఎత్తు లేకుండా కనిపిస్తే, మలుపు తిరిగేదాకా అటే చూస్తుంటాను.